రొయ్యల చెరువు గట్టున నా రహస్య ప్లాను

ఆ రోజుల్లో నాకు లోకం మీద రెండే అభిప్రాయాలుండేవి. నా బుర్రలో పుట్టిన ఆలోచన అమలాపురం చుట్టుపక్కల ఇంకెవరికీ పుట్టదు, పుట్టిన మరుక్షణం దాన్ని ఎవరో ఒకరు కొట్టేస్తారు. (రెండో దాని మీద ఉన్నంత నమ్మకం నాకు దేవుడి మీద కూడా ఉండేది కాదు.) డిగ్రీ చివరి ఏడాదిలో మా మేష్టారు ఒక్కొక్కరిని రెండేసి వీడియోలు తీయమన్నారు. ఒకటి అందరూ చూసేది, రెండోది ఎవరో కొద్దిమంది కోసమే. కెమెరా ముట్టుకునే ముందు ఆ కొద్దిమందినీ కలిసి, ప్లాను రాసి సోమవారానికల్లా ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. అందరి కోసం తీసేది పూతరేకుల మీదని క్లాసులో సగంమందిలాగే నేనూ రాసేశాను. రెండోది మాత్రం రొయ్యల రైతులకి, మేత ఎప్పుడు తగ్గించాలో చెప్పేది. ఈ సంగతి ఇంట్లో అమ్మకి కూడా చెప్పలేదు. నా అనుమానమంతా పక్క బెంచీ జిరాక్సు మీద. ఎవరి నోట్సయినా పుచ్చుకుని పొల్లుపోకుండా దింపేస్తాడని వాడికా పేరు. ఎడమచేత్తో కప్పుకుంటూ నోట్సులో ప్లాను రాసుకుని, ఆ పేజీ చింపి జేబులో పెట్టుకున్నాను. తర్వాత వాడడిగితే నోట్సు ఇచ్చాను. (చింపేశాక భయమేముంది?)

శనివారం పొద్దున్న నాన్నగారి బండేసుకుని ఉప్పలగుప్తం దాటి ఒక చెరువు గట్టెక్కాను. నా ప్రశ్నలు మూడు. చెరువు ఎన్ని ఎకరాలు? రొయ్యలు ఎప్పుడు పడతారు? మీరు లేనప్పుడు చెరువు దగ్గర ఎవరుంటారు? (మూడోది, వీడియో చూడ్డానికి వాళ్లకి తీరిక ఎప్పుడో తెలుసుకోడానికి. ఆ ముక్క వాళ్లకి చెప్పలేదు.) దొంగల భయంతో కాపలా కాసుకునే మనిషిని ఇవి అడగకూడదన్న ఇంగితం నాకు లేకపోయింది.

రైతుగారు నవ్వుతూ విన్నారు. "కూర్చోండి బాబూ, ఎండనపడి వచ్చేరు. ఒరే, కొబ్బరి బొండాం కొట్టండ్రా" అన్నారు. తాగేలోగా పక్క చెరువులవాళ్లు నలుగురు చేరారు. నా బండి తాళం ఎవరి జేబులోకో వెళ్లింది.

"ఎవరి తాలూకండి తవరు?"

"కాలేజీ అండి. ప్రాజెక్టండి."

"ఆయ్. ఏం ప్రాజెక్టండి?"

"అది బయటికి చెప్పకూడదండి."

వెంటనే రెండో బొండాం వచ్చింది. మా వైపు మనిషిని పట్టి ఉంచడానికి తాడక్కర్లేదు, మర్యాద చాలు. లేవబోతే "అయ్యో, తాగి వెళ్దురుగానండి" అని భుజం మీద చెయ్యేసి కూర్చోబెడతారు. మూడో బొండానికి నాకు నిజంగా ఏడుపొచ్చింది. "మీ గురించి చెప్పేవోళ్లెవరైనా ఉన్నారాండి?" అన్నారు. మేష్టారు ఫోనెత్తలేదు. నాన్నగారికి చేసే ధైర్యం లేదు (బండి అడక్కుండా తెచ్చాను). దగ్గర్లో తెలిసినవాడు ఒక్కడే. జిరాక్సుది పక్కనే అల్లవరం. వాడికే ఫోను చేశాను.

వాడు చెమటలు కక్కుకుంటూ వచ్చి, "మావోడు దొంగ కాదండి, మేత మీద మీకోసం వీడియో తీద్దామనుకుంటున్నాడండి" అంటూ నా ప్లానంతా మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పేశాడు. నేను నోరు తెరుచుకుని విన్నాను.

రైతుగారు పకపకా నవ్వారు. "మేత సంగతి మాకు తవరు చెప్తారేంటండి! రోజంతా చెరువు దగ్గర ఏం చేత్తావని మా ఆవిడ అడుగుతానే ఉంటాదండి, ఎంత చెప్పినా నమ్మదు. అదేదో తీసి ఆవిడికి చూపించండి" అంటూ తాళం ఇచ్చేశారు. సోమవారం నేనిచ్చిన ప్లానులో ఆ కొద్దిమంది, రొయ్యల రైతుల భార్యలు. మేష్టారు ఒప్పుకున్నారు.

తిరిగొస్తూ ఆగలేక అడిగాను. "నా ప్లాను నీకెలా తెలుసురా?"

"అంత అదిమి రాస్తే కింద పేజీ మీద అచ్చు పడదా? పది రోజులైంది చూసి."

"మరి దింపేసుకోలేదే?"

"అది నీది కదరా" అన్నాడు, నన్ను విచిత్రంగా చూసి. ఆ సిగ్గు నాకిప్పటికీ పోలేదు.

వాడిప్పుడు పిల్లల్ని కాపీ కొట్టనివ్వని మేష్టారు. నేనొక ఛానెల్లో పనిచేస్తున్నాను. కొత్తగా ఏదైనా రాస్తుంటే ఎడమచెయ్యి ఇప్పటికీ దానంతటదే కాయితం మీదికి వెళ్లిపోతుంది, పక్క సీటు కుర్రాళ్లు నవ్వుకుంటారు. రాయడం అయ్యాక చెయ్యి తీసి, ఆ కాయితాన్ని ఫోటో తీసి, అందరికంటే ముందు జిరాక్సుకే పంపిస్తాను.