చేపల కొంపకు చౌక దారి

ఓడ ఎక్కడమంటే ఓడిపోవడమేనని నాకు ఎక్కిన కాసేపటికే తెలిసింది. టికెట్టులో తిండి ఉంది, పడక ఉంది, ఈతకొలను ఉంది, సాయంత్రం పాటలు కూడా ఉన్నాయి. లేనిదల్లా నేల. నేల కావాలంటే విడిగా కొనుక్కోవాలి. జెద్దాలో బయలుదేరి తీరం వెంట ఉత్తరంగా పోయే ఓడ అది. మర్నాడు యాన్‌బు రేవులో ఆగుతుంది, సాయంత్రానికి కదిలిపోతుంది. అక్కడ ఏం చేయవచ్చో చెప్పే రంగుల కాగితం ఒకటి మా గదిలో తలగడ మీద పెట్టి వెళ్ళారు. పైన పెద్ద అక్షరాలతో ‘షోర్ ఎక్స్‌కర్షన్స్’ అని ఉంది. బొమ్మలు చూస్తే ఆకర్షణ, ధరలు చూస్తే వికర్షణ, రెండూ కలిస్తే ఎక్స్‌కర్షణ అని నేనొక వ్యుత్పత్తి చెప్పాను. మా ఆవిడ నవ్వలేదు. ఆమె వేలు అప్పటికే కాగితం మీద ఒకచోట ఆగి ఉంది.

పగడాల దిబ్బ దగ్గరికి పడవలో తీసుకెళ్ళి, ముఖానికి అద్దాల మాస్కు తొడిగి, నీళ్ళలో తల ముంచి చేపల్ని చూడనిస్తారట.

“నాకింకేమొద్దు. గిదొక్కటి చాలు,” అంది.

మా ఆవిడ పుట్టి పెరిగింది నిజామాబాదులో. నేను ఒంగోలు వైపు వాణ్ణి. ఇన్నేళ్ళ కాపురంలో నా మాటకు ఆమె యాస అంటలేదు, ఆమె యాసకు నా మాటంటే లెక్కా లేదు. మాంసం ముట్టని మనిషి. చేపల్ని కంచంలో కాదు, వాటి కొంపలో చూడాలన్నది ఆమె కోరిక. కొంప మునిగినా హాయిగా ఉండేవి అవే కదా.

ఆ కోరిక ఇప్పటిది కాదు. గల్ఫ్ యుద్ధం మొదలయ్యేసరికి ఆమె రియాద్ వచ్చి ఇంట్లోకి గిన్నెలన్నీ ఇంకా కొననే లేదు. ఒక గది కిటికీలకు ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులకు టేపు అంటించి, సైరన్ మోగినప్పుడల్లా అందులోకి దూరేవాళ్ళం. టీవీని కూడా ఆ గదిలోకే మార్చాం. వార్తకూ వార్తకూ మధ్య ఖాళీ వస్తే అందులో ఎర్ర సముద్రం చేపల్ని చూపించి, వెనక వాద్యాలు వాయించేవారు. పసుపు చారలవి, చిలకముక్కువి, తోక విసనకర్రలా విప్పేవి. చెవులేమో క్షిపణి కోసం, కళ్ళేమో చేపల కోసం.

“ఈ సముద్రం గూడ ఈ దేశందేనా?” అని అడిగింది ఒకరోజు.

అవునన్నాను.

“మరి మనమేంది, గీ డబ్బాల ఉన్నం?”

తర్వాత యుద్ధం అయిపోయింది. చేపలు మాత్రం మిగిలిపోయాయి. సెలవు దొరికితే ఇండియా, దొరక్కపోతే పిల్లల పరీక్షలు. పైగా ఆ రోజుల్లో ఆడవాళ్ళు సముద్రంలో దిగడమంటే దిగినంత సులువు కాదు. నేను రియాద్ శివార్లలోని సులైలో ఒక గిడ్డంగిలో చల్లదనం చూసుకునే ఇంజనీరుని, అంటే ఎడారిలో ఐసు కాపలా. చేపలు కావాలి, చేపలు కావాలి అంటే ఒకసారి మా గిడ్డంగికి తీసుకెళ్ళి, గడ్డకట్టి ఇటుకల్లా పేర్చిన చేపల్ని చూపించాను. ఆ సాయంత్రం ఇంట్లో కూడా చల్లగానే ఉంది.

ఇప్పుడు నాకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చేసింది. వచ్చే నెల సామాను సర్దుకుని వెళ్ళిపోవడమే. మళ్ళీ ఇటు వచ్చే పని లేదు. ఈ దేశంలో విహారానికి ఓడలు మొదలయ్యాయని విని, ఎగ్జిట్‌కి ముందు ఒక ఎక్స్‌కర్షన్ అని బయలుదేరాం. యాన్‌బులో ఆగే ఆ ఒక్క పగలే ఆమెకు చేపల్ని చూసే అవకాశం.

అది తెలిసి కూడా నేను, “వీళ్ళ పడవ ఎందుకు? ముప్పై ఏళ్ళుగా ఈ దేశపు నీళ్ళు తాగుతున్నాను. ఒడ్డున దిగి బేరమాడితే పావు ధరకు నేనే చూపిస్తాను,” అన్నాను.

“మీ బేరం నాకెర్కలేదా? ఒకపారి మీరు టమాటలు బేరం జేస్తుంటే గా దుకాణమాయన నమాజుకు పొయ్యి మల్లొచ్చిండు.”

“వచ్చాక తగ్గించాడు కదా!”

ఆమె ఆ కాగితాన్ని మడతపెట్టి నా చేతిలో పెట్టింది. “సరే. చేపలు చూపిస్తిరా, మీరు గెల్చినట్టు. చూపియ్యకపోతిరా, ఇంటికొయ్యేదాంక ఊకుండ. ఇంటికొయినంక గూడ ఊకుండ.”

రాత్రి భోజనాల దగ్గర రాబిగ్ రిఫైనరీలో పనిచేసే ఒకాయన పరిచయమయ్యాడు. గోదావరి జిల్లా మనిషి. ఓడ రెయిలింగు దగ్గరికి తీసుకెళ్ళి, దూరంగా ఒడ్డున ఎర్రగా వెలుగుతున్న మంట చూపించాడు.

“అదుగోనండి మాస్టారూ, దాని పక్కనేనండి మా ఇల్లు. కారేసుకుని జెద్దా ఎల్లి, ఓడెక్కి, మళ్ళీ మా ఇంటి ముందు నుంచే పోతన్నామండి. దీన్నేవంటారు?”

“ప్రదక్షిణ అంటారండీ.”

ఆయన పకపకా నవ్వి, చేపల పడవకు తాను చీట్లు తీసుకున్నానని, అందులో ఇంకా రెండు చోట్లే ఉన్నాయని చెప్పాడు. “తీసేస్కోండి మాస్టారూ. తెల్లారితే దొరకదు. మీరు ఒడ్డునే ఉండిపోతారు.”

“ఒడ్డున పడితే మంచిదే కదండీ,” అన్నాను. మా ఆవిడ నావైపు చూడకుండా ఐస్‌క్రీం తింది. పడుకునే ముందు తనే వెళ్ళి కనుక్కుని వచ్చింది. ఆ రెండు చోట్లూ అయిపోయాయి.

పొద్దున ఓడవాళ్ళ బస్సు మమ్మల్ని రేవు గేటు బయట దింపింది. ఆ ఒక్కటీ ఉచితం కాబట్టి నేను కిటికీ పక్క సీటు పట్టుకుని పూర్తిగా అనుభవించాను. గేటు దగ్గర టాక్సీలు వరసగా ఉన్నాయి. మొదటి టాక్సీ ఆయన పెషావర్ మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం. బేరం తేలేదాకా నోరు విప్పవద్దని మా ఆవిడకు ముందే చెప్పాను. ఆమె ఉర్దూ చిన్నప్పటి నుంచి ఇరుగుపొరుగు నుంచి వచ్చింది, తేనెలా ఉంటుంది. తేనె చూపిస్తే ధర పెరుగుతుందని నా లెక్క.

“షోర్ ఎక్స్‌కర్షన్,” అన్నాను దర్జాగా.

“షోర్?” ఆయన అటూ ఇటూ చూశాడు. “యహాఁ కోయీ షోర్ నహీఁ, సాబ్.”

ఉర్దూలో షోర్ అంటే గోల. ఇక్కడ గోలేమీ లేదని ఆయన నాకు ధైర్యం చెబుతున్నాడు. సరే, ఇంగ్లీషు వద్దనుకుని నా హిందీలోకి దిగాను. “మచ్లీ. మచ్లీ దేఖ్‌నా హై.”

“మచ్లీ? తాజా?”

“ఏక్‌దమ్ తాజా!”

నేను చెప్పిన ధరకు ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నా బేరానికి నేనే మురిసిపోయాను. ఎందుకు ఒప్పుకున్నాడో రెండు మలుపులు తిరిగాక తెలిసింది. కారు చేపల మార్కెట్టు ముందు ఆగింది.

తాజావే, కాదనను. ఐసు మీద వరసగా పడుకుని, కళ్ళు తెరిచి, మమ్మల్నే చూస్తున్నాయి. ఒక బెంగాలీ కుర్రాడు పెద్ద చేపను మొప్పల దగ్గర పట్టుకుని మా ఆవిడ ముఖం ముందు ఊపాడు. ఆమె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“మంచిగున్నదండి,” అంది చున్నీలోంచి. “మీ గిడ్డంగి గీడికి గూడ వచ్చింది.”

గబగబా కారెక్కాం. ఇక హిందీ కూడా వద్దు, ఇన్నేళ్ళు నేర్చుకున్న అరబ్బీ ఇప్పుడు కాక ఎప్పుడు పనికొస్తుందనుకున్నాను. అరబ్బీలో మార్కెట్టును సూక్ అంటారు, సముద్రాన్ని బహర్ అంటారు. కారు కదలగానే ముందుకు వంగి, “సూక్ నహీఁ! బహర్! బహర్ జానా!” అని అరిచాను.

ఆయన అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. కారు రోడ్డు పక్కన ఆపాడు. దిగి వచ్చి, నా వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. “ఠీక్ హై, సాబ్. బాహర్.”

నేను సముద్రం అడిగాను. ఆయన బయటికి పోతానన్నాననుకున్నాడు. ఎర్రటి ఎండలో, మార్కెట్టు గోడ పక్కన, మేమిద్దరం బాహర్ నిలబడ్డాం. బహర్ ఎక్కడా కనిపించడం లేదు. మా ఆవిడ గడియారం చూసింది. అప్పటిదాకా పెదవి చివర ఉన్న నవ్వు పోయింది. ఓడ మా కోసం ఆగదు. చేపలు ఆగుతాయి గానీ ఉపయోగం లేదు.

“ఇగ నేను మాట్లాడొచ్చా?” అంది.

తల ఊపాను.

“భాయ్‌సాబ్,” అంది ఆమె, నాతో ఎప్పుడూ వాడని గొంతుతో, “జిందా మచ్లియాఁ. సమందర్ కే అందర్. పానీ మేఁ ముఁహ్ డాల్‌కే దేఖ్‌నా హై.”

బతికున్న చేపల్ని సముద్రం లోపలే, నీళ్ళలో ముఖం పెట్టి చూడాలని విని ఆయన నుదురు కొట్టుకున్నాడు. “అరే బాజీ! పహ్లే బోల్‌తే! షర్మ్! షర్మ్!”

‘అక్కా, ముందే చెప్పొద్దా’ అన్నదాకా బాగానే ఉంది. షర్మ్ అంటే సిగ్గని నాకు తెలుసు. ఉర్దూలో నాకు బాగా పరిచయమైన మాటల్లో అదొకటి. “నేనేం తప్పు చేశానని సిగ్గుపడాలి?” అని తెలుగులోనే లేచాను. ఆయన కంగారుగా ఆమెకు ఉర్దూలో ఏదో వివరించాడు. మా ఆవిడ కారు మీద చెయ్యి ఆనించి, వంగి వంగి నవ్వింది.

“సిగ్గు గాదండి! గా జాగ పేరు! సముద్రం లోపలికి చొచ్చుకొస్తది సూడుండ్రి, గట్ల జాగను అరబ్బీల షర్మ్ అంటరట. ఊరు బయట ఉన్నదట. గాడ చేపలు ఒడ్డుకే వస్తయట.” తర్వాత కళ్ళు తుడుచుకుని, “మీరు సిగ్గుపడ్డా తప్పేం లేదు గని,” అంది.

పోయి, అక్కడ ఆగి, మళ్ళీ రేవు దగ్గర దింపడానికి ఆమె రెండు మాటల్లో ధర తేల్చింది. ఓడవాళ్ళు అడిగినదాంట్లో అది పావు కూడా కాదు. నా బేరానికి పట్టే సమయంలో పావు కూడా పట్టలేదు.

షర్మ్ దగ్గర సముద్రం ఒడ్డున లేతాకుపచ్చగా మొదలై, కాస్త దూరంలో ఉన్నట్టుండి ముదురు నీలంగా మారిపోయింది. కుటుంబాలు తివాచీలు పరుచుకుని ఫ్లాస్కుల్లోంచి టీ పోసుకుంటున్నాయి. వెనక తలుపు తెరిచిన వ్యానులో ఒక ఫిలిప్పీన్ అతను ఊపిరి గొట్టం తగిలించిన మాస్కులు అద్దెకిస్తున్నాడు. అప్పటికే అన్నీ అద్దెకు పోయి నీళ్ళలో ఉన్నాయి, ఒక్కటే మిగిలింది. మా ఆవిడ అది తీసుకుని, సల్వార్ కమీజుతోనే నడుము లోతుకు దిగింది. నేను పాంటు మడిచి, చెప్పులతోనే మోకాళ్ళ లోతులో ఆగాను. నాకు ఈత రాదు. బకెట్టుతో స్నానం చేయడమే నా జలక్రీడ.

ఆమె మాస్కు తగిలించుకుని తల ముంచింది. వెంటనే లేచి, దాన్ని పీకేసి, దగ్గింది.

“ఏమైంది? నీళ్ళు మింగావా?”

తల అడ్డంగా ఊపింది. “వాసన. రబ్బరుది.”

నాకు అర్థమైంది. యుద్ధం రోజుల్లో మా కంపెనీ ఉద్యోగికి ఒకటి చొప్పున గ్యాస్ మాస్కు ఇచ్చింది. ఉద్యోగి భార్యకు తడి తువ్వాలు. సైరన్ మోగగానే ఆ ఒక్క మాస్కు కోసం మేము కొట్లాడుకునేవాళ్ళం, నువ్వు పెట్టుకో అంటే మీరు పెట్టుకోండి అని. ఒకసారి బలవంతంగా ఆమె ముఖానికి బిగించాను. సైరన్ ఆగేదాకా అలాగే కూర్చుంది, తర్వాత పోయి వాంతి చేసుకుంది. అప్పటి నుంచి ఇద్దరం పెట్టుకోలేదు. ఆ యుద్ధంలో నిశ్చింతగా ఉన్నది అలమారాలోని ఆ మాస్కు ఒక్కటే.

“చాలు,” అంది. “అయింది. పోదాం పాండ్రి. ఓడ పోతది.”

ఆమె గొంతులో కోపమైనా ఉంటే బాగుండేది. నేను మాస్కు తీసుకుని సముద్రపు నీళ్ళలో తెగ కడిగాను. వాసన పోయిందో లేదో చూద్దామని నేనే తగిలించుకుని, మోకాళ్ళ లోతులో, కొంగలా వంగి, ముఖం ముంచాను. కళ్ళజోడు లేకపోతే నాకు లోకమంతా ఆవిరి. ఆ ఆవిరిలో నల్లగా ఏదో కదిలింది. చేపో, చెప్పో తేల్చుకునేలోపు అది నా చెప్పేనని తేలింది. తేలి, నీలంలోకి వెళ్ళిపోయింది.

“చూశాను!” అన్నాను లేచి. “ఒంటరిది. తోలుది. పట్టీ తెగింది.”

ఆమెకు మళ్ళీ నవ్వొచ్చింది. నవ్వుతూనే నీళ్ళలో నడిచి వచ్చి చెయ్యి చాపింది. “తెండి ఇటు. మీకు చెప్పుల దుకాణమే కనపడ్తది.”

మాస్కు తగిలించుకుంది. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఊపిరి బిగబట్టి ముఖం ముంచింది. లేచింది. మళ్ళీ ముంచింది. ఈసారి గొట్టంలోంచి ఊపిరి వస్తూ పోతూ వినిపించింది. నెరిసిన జడ నీళ్ళ మీద తేలుతోంది. ఉన్నట్టుండి ఆమె వేళ్ళు నా చేతిని గట్టిగా నొక్కాయి. వదిలాయి. మళ్ళీ నొక్కాయి. పచ్చదనం నీలంలోకి మారే చోటికి నన్ను లాక్కుపోయింది. చొక్కా జేబులోకి నీళ్ళు వచ్చేదాకా నేను భయపడటం మర్చిపోయాను.

ఎంతసేపో తెలియదు. ఒడ్డు నుంచి డ్రైవర్ చేతులు ఊపాడు. ఆమె తల ఎత్తి, మాస్కు తీసింది. ముఖం చుట్టూ గుండ్రంగా అచ్చు పడి ఉంది. ఒడ్డుకు నడిచి మాస్కు వ్యానులో ఇచ్చేసింది.

డ్రైవర్ సీటు మీద ప్లాస్టిక్ షీటు పరిచాడు. కారు కదిలాక ఆమె నోరు తెరిచింది, నాతో కాదు, ఆయనతో. ఉర్దూలో. పసుపుది ఎలా వచ్చిందో, చారలవి గుంపుగా ఎలా తిరిగాయో, నీలంది రాతి సందులోకి ఎలా దూరిందో, చేతులతో అభినయిస్తూ చెప్పింది. ఉర్దూలో రంగులకు అన్ని పేర్లున్నాయని నాకు తెలియదు. సగం అర్థం కాలేదు. ఆయన మాత్రం “మాషా అల్లా, ఫిర్?” అని తర్వాతేమైందో అడుగుతూ, స్టీరింగు మీద చెయ్యి కొడుతూ విన్నాడు.

రేవు గేటు దగ్గర డబ్బిచ్చి, ఒంటి చెప్పుతో దిగాను. లోపల ఓడ కూత వేసింది. ఓడవాళ్ళ బస్సు స్టార్టయింది. ఆమె దిగింది గానీ కదల్లేదు.

“బాజీ,” అన్నాడు డ్రైవర్, నీలందాని సంగతి తేలలేదని గుర్తొచ్చి ఇంజను ఆపి, “వో నీలీ వాలీ కా క్యా హువా?”

“బస్సు!” అన్నాను. “ఓడ!”

“ఒక్క నిమిషమండి,” అంది, కిటికీలోకి వంగి. ఆమె కథలో నీలం చేప ఇంకా రాతి సందులోనే ఉంది.