పన్నెండు ఖాకీ కాలర్లు

మా బాపుతో బతకడం ఎంత కష్టమో మా అమ్మకు తెలుసు, అమ్మ తర్వాత నాకు తెలుసు. ఆయన తాగుబోతు కాదు, జూదరి కాదు, నోరెత్తి ఒకరిని తిట్టినవాడూ కాదు. ఆయన రోగం నిజాయితీ. అందులోనూ గుడ్డల దగ్గర మరీ ముదిరిపోయిన రోగం.

దర్జీవాడు కన్నతల్లి రవికలో కూడా జానెడు గుడ్డ మిగుల్చుకుంటాడని లోకం అనేది. ఆ మాట బాపుకు ముల్లులా గుచ్చుకునేది. మాది నేతగాళ్ల ఇల్లు. మిల్లు బట్ట వచ్చి మగ్గాలు మూలపడితే బాపు ఊరు విడిచి అమీర్‌పేటకు వచ్చి, కుట్టుపని నేర్చుకున్నాడు. ఎవరి గుడ్డ కత్తిరించినా సరే, మిగిలిన ముక్కలన్నీ మూటగట్టి, ఆ మనిషి పేరు రాసిన చీటీ పెట్టి, కుట్టిన బట్టతో పాటు తిరిగి ఇచ్చేవాడు. "గీ పేలికెందుకు మాస్టర్, పారెయ్" అని జనం నవ్వేవారు. "నీ గుడ్డ, నువ్వే పారేస్కో" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. బొమ్మకు లంగా కుట్టడానికి ఒక్క ముక్క దొరకని దర్జీ కూతురు ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పట్నం ఇండియాలో కలిసిన ఆ గడబిడల ఏడు నాకు పద్నాలుగేళ్లు. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం నా పని. ఎండాకాలంలో ఒకరోజు వెనక సందులో ఉండే, పిన్ని వరసగా మేం ఖాలా అని పిలిచే ముస్లిం ఆమె కొడుకు భుజాన ఖాకీ తాను వేసుకొని వచ్చాడు. ఇరవై కూడా నిండని కుర్రాడు. అప్పుడు పట్నమంతా సర్కారు వైపు కొట్లాడే ఖాకీ వలంటీర్ల కవాతులే. వాడూ వాళ్లలో చేరాడు, తన జట్టుకు పన్నెండు షర్టులు కావాలన్నాడు. కాదనే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది? బాపు కొలతలు తీసుకున్నాడు, గుడ్డంతా కత్తిరించాడు, కుట్టడం మాత్రం మొదలుపెట్టలేదు. అడిగితే దారం దొరకడం లేదనేవాడు. దొరకని మాట నిజమే, కానీ ఉన్న దారంతో పెళ్లి రవికలు కుట్టడం నేను చూశాను.

వినాయక చవితి వెళ్లిన వారంలోనే ఇండియా ఫౌజు బయలుదేరిందన్న కబురు వచ్చింది. విమానాలు తిరిగాయి. పంజాగుట్ట హోటల్లో రేడియో చుట్టూ మూగిన జనం ఒక రోజు కిక్కురుమనలేదు, మర్నాడు ఒకటే అరుపులు. సర్కారు లొంగిపోయిందన్నారు. ఒక సందులో బెల్లం పంచారు, పక్క సందులో తలుపులు బిడాయించుకున్నారు. ఖాలా కొడుకు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. ఎర్రమంజిల్ గుట్ట కింద ఫౌజు లారీలు వచ్చి నిలబడ్డాయి. ఖాకీ చొక్కా దొరికిన ఇంటి మగవాణ్ని లారీ ఎక్కిస్తున్నారని, ఎక్కినవాడు ఎప్పుడొస్తాడో దేవుడికే తెలుసని పుకారు పుట్టింది. మా ఇంట్లో చూస్తే పన్నెండు షర్టుల ఖాకీ!

"పొయ్యిల పెట్టు. ఇప్పుడే పెట్టు" అంది అమ్మ.

"నాది గాని గుడ్డను నేనెట్ల కాలవెట్టాలె?"

"నిన్ను లారీ ఎక్కిస్తే మేమేం గావాలె? గుడ్డ ముఖం చూసుకుంట బతకాల్నా?"

బాపు పీట వాల్చుకున్నాడు. అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, ఆ ఖాకీ మూటను నెత్తిన పెట్టుకొని గడప దాటాడు. పట్టపగలు! ఎవరి గుడ్డ వాళ్లకు ఇచ్చి వస్తాడట. ఇలాంటి తెలివితక్కువ పని మా బాపు తప్ప ఇంకెవరైనా చేస్తారా? నేను చెప్పులు కూడా లేకుండా వెంటపడ్డాను. మలుపు దగ్గర ఇద్దరు జవాన్లు చాయ్ తాగుతున్నారు. మేం వాళ్ల ముందు నుంచే నడిచాం. నేను బాపు చాటుకు నక్కాను, ఈయన మాత్రం తాపీగా పోతున్నాడు. వాళ్లు తల తిప్పలేదు. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో మరి.

ఖాలా తలుపు తీసి మూట చూసింది. మమ్మల్ని లోపలికి లాగి గడియ పెట్టింది.

"యా అల్లా! పిచ్చి లేసిందా భాయ్? గిది నెత్తిన పెట్టుకొని సడక్ మీద వస్తరా?"

"మీ వానిది అమ్మా. కుట్టలేకపోయిన, అట్లనే తెచ్చిన."

ఆమె మూట మీద చెయ్యి వేసి ఏడ్చింది. "నా కొడుకే కండ్లకు కనవడ్తలేడు. గీ గుడ్డ నేనేం చేస్కోను? తీస్కపోండి. పోరగాండ్లకు లాగులు కుట్టుండ్రి, వాళ్ల దువా తగుల్తది."

"మీరు ఇష్టంగనే ఇస్తున్నరా అమ్మా? మల్ల మీ వాడు అడిగితే?"

అక్కడే ఆయన నెత్తిన నాలుగు మొట్టాలనిపించింది.

"అడగనీ భాయ్" అంది ఖాలా. "అడగనీకి వాణ్ని జర ఇంటికి రానీ."

ఆమె ఇచ్చిన బురఖా గుడ్డలో మూట చుట్టుకొని వెనక సందు గుండా వచ్చేశాం. మూడు రోజులు తల ఎత్తకుండా పనిచేశాం. వీపు ముక్కలో ఒక లాగు, రెండు చేతులు కలిపితే ఒక చిన్న లాగు. రెండు సందుల పిల్లలకూ, వాళ్లవాళ్లు మావాళ్లు అని లేకుండా, అందరికీ ఖాకీ లాగులే. ఇక గండం గడిచిందనుకొని అమ్మ ఆ పూట పప్పులో ఇంత నెయ్యి కూడా వేసింది.

మర్నాడు పొద్దున ముగ్గురు జవాన్లు ఇల్లు వెతకడానికి వచ్చారు. పెట్టె, మంచం కింద, బియ్యం కుండ అన్నీ చూశారు. ఒకాయన మిషను వెనక అరలో చెయ్యి పెట్టి చిన్న మూట తీశాడు. విప్పితే పన్నెండు కాలర్లు. కాలర్ ముక్కలో లాగు రాదు కదా! మిగిలిన వాటిని బాపు అలవాటు చొప్పున మూటగట్టాడు. అంతటితో ఆగితే మా బాపు ఎందుకవుతాడు? చీటీ కూడా పెట్టాడు.

చీటీ ఉర్దూలో ఉంది. ఆ జవానుకు ఆ అక్షరాలు రావు. "ఎవరి పేరిది? చదువు" అని హిందీలో గద్దించి బాపు చేతికిచ్చాడు.

నాకు ఆ అక్షరాలు వచ్చు. దాని మీద ఖాలా కొడుకు పేరు స్పష్టంగా కనిపిస్తోంది. ఇక అయిపోయింది, ఈయన నోట నిజం తప్ప రాదు, రేపటి నుంచి ఖాలా ముఖం ఎట్లా చూడాలి అనుకున్నాను. బాపు చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ, నిదానంగా, ఇంటిపేరుతో సహా తన పేరు చదివాడు.

"నా పేరే సాబ్. నా గుడ్డే."

"నీకు పన్నెండు కాలర్లెందుకు?"

బాపు ఒకసారి కాలర్లను, ఒకసారి నన్ను చూశాడు. నేను ఆలోచించలేదు. గుమ్మంలో గుమిగూడి చూస్తున్న పిల్లల్ని ఇద్దరిద్దరిగా రెక్క పట్టి లోపలికి లాగి నిలబెట్టాను. "గుడ్డంతా వీళ్ల లాగులకే అయింది సాబ్. లాగులకు కాలర్లు పెట్టరు కదా!" అని నాకొచ్చిన ఉర్దూలో అరిచాను. కోపంగానే అరిచాను. తొమ్మిది మంది పిల్లలు, తొమ్మిది ఖాకీ లాగులు. అందులో ఒకడి బొందు ఊడి లాగు సరసరా జారిపోయింది. జవాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అయినా నవ్వు ఆగలేదు. కాలర్లు బాపు ఒళ్లో పడేసి, ముగ్గురూ వెళ్లిపోయారు.

లారీ చప్పుడు దూరమయ్యాక, చీటీ సంగతి పిల్లల నోట విని ఖాలా కొంగు కూడా సర్దుకోకుండా పరిగెత్తుకొచ్చింది. "ఎవరి పేరు చెప్పిండు?" అని బాపును కాదు, నన్ను అడిగింది. చెప్పాను. ఆమె మా గడప మీద కూర్చుండిపోయింది.

బాపు కాలర్లను మళ్లీ మూటగడుతున్నాడు. "అబద్ధమేం గాదమ్మా" అన్నాడు. "మీరు ఇష్టంగ ఇచ్చిన్రు. ఇచ్చినంక గుడ్డ నాదే గద. నేను చీటీ రాసుడే తప్పు రాసిన."

అమ్మ ఆయన వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. అమ్మ నవ్వింది, ఖాలాను పట్టుకొని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది.