కంటి కింద సుడి

మీ నెత్తి మీద ఎన్ని సుడులున్నాయో ఎప్పుడైనా తడుముకుని చూశారా? చూసి ఉండరు. ఎద్దును కొనేటప్పుడు మాత్రం తోక నుంచి నుదురు దాకా వెతుకుతారు.

అలా వెతికే ఇంట్లోనే నేనూ పుట్టాను. చీపురుపల్లి దగ్గర మెట్టపొలం మాది. సంత నుంచి కోడె వస్తే తాత ముందు వెంట్రుకల సుడులు చూసేవాడు, తర్వాతే పళ్లు. నా మోజు గుర్రాల మీద. స్టేషను ముందు జట్కా ఆగితే, గుర్రం చెవులు ఏ చప్పుడుకు ఎటు తిరుగుతున్నాయో చూస్తూ బడి మరిచిపోయేవాణ్ణి.

యాభై దాటాక మా అక్క భర్తా నేనూ కలిసి ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాం, పెళ్లి ఊరేగింపులకు తిప్పడానికి. ఒప్పందం ఒకటే: ఈ పెళ్లిళ్ల కాలంలో అది తన దాణా తాను సంపాదించుకోవాలి. లేకపోతే అమ్మినవాడికే తిరిగి ఇచ్చేయాలి. మా మెట్టలో పండిన ఉలవలే దానికీ పెట్టాం. నౌపడ కల్లుప్పు అరచేతిలో పోస్తే ఒక్క పలుకూ మిగల్చకుండా నాకేది.

దాని ఎడమ కంటి కింద సుడి ఉంది. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ముప్పై ఏళ్లు సభల్లో వాదించిన నేను, ఆ సుడిని అద్దాల పట్టీతో కప్పాను. గిరాకీ పోతుందన్న భయం. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

మొదటి పిలుపు కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. సాయంత్రం ఊరేగింపుకు గుర్రాన్ని వ్యానులోంచి దించాం. పెళ్లికొడుకు పెదనాన్న, ఎద్దులు ఎరిగిన రైతు, మెచ్చుకుంటూ దాని మొహం నిమిరి పట్టీ ఎత్తాడు.

"ఇదేటిది? ఏడుపు సుడి. దీన్నెక్కి మా ఓడు పెల్లికెల్తే ఆ పిల్ల బతుకంతా ఏడుత్తాది. తీసుకెల్లిపోండి."

"అది ఎద్దులకి సెప్పే మాట మావా. ఇది గుర్రం," అన్నాడు బావ.

"నాలుగు కాల్లున్నాయా, నేవా?"

బావ అప్పటికే తాడును వ్యాను వైపు తిప్పాడు. ఈ మాట ఊళ్లలో పాకితే ఇంకెవరూ పిలవరు, గుర్రం ఇక మాది కాదని ఆయన మొహంలోనే తెలిసింది. నాకు కోపం రావలసింది. ఎందుకో కుతూహలం కలిగింది. ఈ సుడి సంగతి అందరికీ ఒకేలా తెలుసా?

"ఎద్దులు ఎరిగినోళ్లని ఇంకో ఇద్దర్ని పిలవండి. ఒకరి మాట ఇంకొకరికి వినబడకూడదు," అన్నాను. తన మాటే నెగ్గుతుందన్న ధీమాతో పెదనాన్న ఒప్పుకున్నాడు.

మొదట వచ్చిన ముసలాయన కన్ను దగ్గరగా చూసి, "ఆడదానికి ఎడమేపుంటే లచ్చిమి సుడి. ఒదులుకోకండి," అన్నాడు. రెండో ఆయన కంటి వైపే చూడలేదు. "అది నెక్కలోకి రాదు. మెడ మీదున్నాది సూడండి, అసలు సెడ్డది అదీ," అన్నాడు. ముగ్గుర్నీ ఒకచోట చేర్చేసరికి గుర్రాన్ని వదిలేసి తమలో తాము తగువు పడ్డారు.

అరుగు మీద తమలపాకులు తుడుస్తున్న పెదనాన్న భార్య తలెత్తింది.

"ఏటయ్యా, నీ నెత్తిన రెండు సుడులున్నాయి కదేటి. రెండు సుడులుంటే ఇద్దరు పెల్లాలంటారు. రెండోదాన్ని ఏ ఊర్లో దాసినావు?"

అరుగంతా నవ్వింది. ఆయన తువ్వాలు తీసి తల తుడుచుకుని, మళ్లీ చుట్టుకున్నాడు. "దీని నోటికంటే ఆ సుడే నయం. ఎక్కించండ్రా ఆడ్ని," అన్నాడు.

పెళ్లికొడుకు ఎక్కేముందు నేను ఆ పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాను. సుడి అందరికీ కనబడుతూనే ఊరేగింపు సాగింది. ఆ వీధిలోనే మరో రెండిళ్లవాళ్లు తమ పెళ్లిళ్లకు రమ్మన్నారు. గుర్రం మా దగ్గరే ఉంది. ఆ దంపతులు సుఖంగా ఉన్నారు కాబట్టి నా వాదన గెలిచిందని మాత్రం అనను. అలా అంటే నేనూ సుడి చూసినట్టే.

ఈసారి సంతలో ఎవరైనా సుడి చూసి మంచి పశువును తోసేస్తే మీరు ఊరుకోకండి. మరో ఇద్దర్ని విడివిడిగా పిలిచి, అక్కడికక్కడే అడగండి. అంతకంటే ముందు, ఈ పేజీ మూసి, మీ నెత్తి తడుముకోండి.