ఖడ్గమృగానికి అడ్డొచ్చిన అల్లుడు

నేను చేసిన వెధవ పనులన్నీ చెప్పుకుంటూ పోతే మీకు తెల్లారిపోతుంది. అందులో ఘోరమైనది ఒక్కటే చెబుతాను. దానికి మా ఆవిడ సుజాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఐదారేళ్ళ కిందట మేం జర్మనీలోని బ్రెమెన్‌లో ఉండగా మామయ్యగారు కాకినాడ నుంచి వచ్చారు. ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన మనిషి. కళ్ళు మూసుకుని బోర్డు మీద ఖడ్గమృగం బొమ్మ గీసేస్తారు గానీ, అడవిలో తిరిగేదాన్ని ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడా కళ్ళే మసకబారుతున్నాయి. చూపు ఉండగానే కెన్యా తీసుకెళ్దామని ముగ్గురికీ టిక్కెట్లు తీశాను. సరిగ్గా ఆ వారమే కంటి డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, వచ్చి పడింది. నెలల తరబడి కాచుకుంటే దొరికిన టెర్మిన్ వదులుకునే ధైర్యం జర్మనీలో ఎవరికుంది? సుజాత ఆయనకు తోడుగా ఆగిపోయింది.

"మీరెళ్ళి రండి అల్లుడుగారూ," అన్నారు మామయ్యగారు. "ఖడ్గమృగం ఫోటోలు మాత్రం తెండి. టీవీలో పెడితే దగ్గరగా కూర్చుని చూసుకుంటాను."

"వంద తెస్తానండీ!" అన్నాను.

కెన్యాలో నకురు పార్కులో జీపు ఆగింది. కాస్త దూరంలో ఖడ్గమృగం గడ్డి మేస్తోంది. నేను వెంటనే ఫోన్ గైడు చేతిలో పెట్టి, దానికి వీపు చూపించి, జుట్టు సర్దుకున్నాను. మనవాళ్ళ సంగతి మీకు తెలుసుగా, తాజ్‌మహల్ అయినా సరే మన భుజం పక్కన నిలబడితేనే అది ఫోటో.

"సార్, ముందు అటు తిరిగి చూడండి," అన్నాడు గైడు.

"చూద్దాంలే, ముందు తియ్యి. ఇంకా దగ్గరగా. నవ్వానా?"

"నవ్వారు సార్. అది వెళ్ళిపోతోంది."

"ఇంకొక్కటి!"

నేను వెనక్కి తిరిగేసరికి పొదలు కదులుతున్నాయి.

నేను బ్రెమెన్ తిరిగొచ్చాక మామయ్యగారు టీవీకి మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు.

"ఖడ్గమృగం ఏదండీ?"

"నా తల వెనకాలండీ."

"పోనీ ఇందులో?"

"ఆ బూడిద రంగుది దాని చెవండీ. మిగతాదంతా నా భుజం."

అన్నీ అంతే. సుజాత విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మామయ్యగారు మాత్రం కోప్పడలేదు. ఆశగా నా వైపు కుర్చీ తిప్పుకున్నారు.

"పోనీలెండి, మీరు చూశారుగా, చెప్పండి. మేసేటప్పుడు చెవులు ఎలా తిప్పుతుంది?"

చూస్తే గదా చెప్పడానికి! తల దించుకుని నిజం ఒప్పుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"అయితే మన ఇంటి తరఫున దాన్ని చూసింది ఆ గైడొక్కడేనన్నమాట," అన్నారు.

ఆ క్షణానే ఒట్టేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ జంతువుకీ, ఆఖరికి పక్కింటి పిల్లికి కూడా, వీపు చూపించను.