గోడ మింగిన జీడిపిక్కలు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే టెక్కలి నుంచి పలాస దాకా వస్తాయి. వాటన్నిటికీ పెద్దన్న లాంటిది ఇప్పుడు చెబుతాను. విన్నాక మీరు నన్ను గౌరవించడం మానేస్తారు. మానేయండి, మా ఇంట్లో ఎప్పుడో మానేశారు.

అరవైల చివరి మాట. టెక్కలిలో కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరాను. జీడితోటల ఉద్దానంలో ఉన్న మా మేనమామ కూతురు నీలవేణిని నాకిచ్చే మాట నడుస్తోంది. మామకి ఒకటే అనుమానం. "ఆడికి కలం తప్ప ఇంకేటీ పట్టడం రాదే" అని మా అమ్మతో అన్నాడట. తన కొత్తింటి గృహప్రవేశం నాడు చుట్టాలందరి ముందూ ఔననో కాదనో తేలుస్తానన్నాడు. నాకేమో నీలవేణి తప్ప లోకంలో ఇంకో ఆడపిల్ల కనబడడం లేదు.

ఊళ్లో అందరివీ మట్టిగోడలైతే మామ సిమెంటు దిమ్మెలతో కట్టించాడు. గోడ పొడుగునా చెక్కబద్దలు బిగిస్తే వాటికి చిలక్కొయ్యలు కొట్టుకోవచ్చు, దేవుడి పటాలు తగిలించుకోవచ్చు. తీరా నేను ముందురోజే వెళ్లి చూస్తే వడ్రంగి నౌపడలో వేరే పనిలో ఇరుక్కున్నాడు. గృహప్రవేశం మర్నాడే. మామ సరుకులకని పలాస వెళ్లాడు. ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? పంచె ఎగ్గట్టి సుత్తి అందుకున్నాను.

మొదటి మేకు వంగింది. రెండోదీ వంగింది. మూడోది ఎటు ఎగిరిపోయిందో ఇప్పటికీ తెలీదు. సిమెంటు గోడకి ముందు ఉలితో కన్నం చేసి, అందులో చెక్క బిరడా దిగ్గొట్టి, ఆ బిరడాకి మేకు కొట్టాలని ఆఫీసులో ఎవరో అంటుంటే విన్నాను. సరే, కన్నం చేశాను. బిరడా పెట్టి ఒక్క దెబ్బ వేశాను. బిరడా లేదు. కింద వెతికాను, జేబులో కూడా వెతికాను. ఇంకోటి కొట్టాను, అదీ లేదు. జానెడు పక్కకి జరిగి కొడితే ఉలి మొన విరిగింది. ఒక చోట రాయి, ఒక చోట గాలి. ఇదేం గోడో మీకేమైనా అర్థమవుతోందా? నాకు కాలేదు. ఆ దిమ్మెలు లోపల బోలుగా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నీలవేణి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఏటి బావా, గోడకి మేతెడతన్నావా?"

ఇదో పద్ధతి, నీకు తెలీదన్నాను. నాకూ తెలీదు.

అప్పుడు మూలనున్న జీడిపిక్కల బస్తా కంటబడింది. ఒకవైపు లావు, ఒకవైపు సన్నం, కన్నానికి కొలిచి చేసినట్టున్నాయి. పైగా వంకర, లోపలికి జారిపోకుండా అడ్డంపడతాయి. పిక్క తొక్కలో రసం ఒళ్లు కాలుస్తుందని ఉద్దానంలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఇవి ఎండినవి కదా, ఎండినదాంట్లో రసం ఎక్కడుంటుందని నా తర్కం. మొన విరిగిన ఉలితోనే కన్నాలు పొడిచి, డజను పిక్కలు దిగ్గొట్టి, వాటిలోకి బద్దల మేకులు దించాను. దెబ్బ దెబ్బకీ నల్లటి జిడ్డు చిట్లి మొహాన పడింది. చెమటనుకుని మొహమంతా శుభ్రంగా పులుముకున్నాను. బద్దలు మాత్రం నిలబడ్డాయి. పటాలన్నీ తగిలించేసి, గర్వంగా వెళ్లి పడుకున్నాను.

తెల్లారేసరికి మొహమంతా బొబ్బలు. కళ్లు సగమే తెరుచుకున్నాయి. చుట్టాలు దిగారు. మామ నా ఎదురుగా నిలబడి, "మా అల్లుడు ఏడీ?" అని నన్నే అడిగాడు.

"నేనే మావా."

ఆయన నన్ను చూశాడు, గోడను చూశాడు, బద్దల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేసిందే తడవు, బద్దలు పటాలతో సహా చుట్టాల ముందు కూలబడ్డాయి. వాటి వెంట రెండు జీడిపిక్కలు దొర్లుకుంటూ వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. నీలవేణి ఇక నాకు దక్కదనుకున్నాను.

మామ నోరు తెరిచేలోగా వెనక నుంచి నీలవేణి గొంతు వినబడింది.

"నాన్నా, బావని నానే సేసుకుంతాను."

"ఇది సూసినాకా?"

"ఇది సూసినాకే. మన కాడుంటే మన గోడొక్కటే పోద్ది. ఒగ్గేత్తే ఉద్దానంలో ఒక్క గోడా మిగల్దు."

చుట్టాలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులోనే మామ ఔనన్నాడు. నన్ను మెచ్చి ఇచ్చాడో, ఊరి మేలు కోరి ఇచ్చాడో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

కనుక పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ కంఠంలో ప్రాణముండగా ఏ గోడ మీదా సుత్తి ఎత్తను. ఎత్తుదామన్నా కుదరదు లెండి. కాపురానికొచ్చిన రోజే నీలవేణి మా ఇంటి సుత్తిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేసింది.