మాస్టారు ఆపనివ్వని సర్వర్

మా కంప్యూటర్ మాస్టారు పోయేరని హైదరాబాదులో నా హాస్టలుకి ఫోనొచ్చింది. గుండెపోటు. నేను అమలాపురం చేరేసరికి దహనం అయిపోయింది.

దినాలయ్యాక ఆయన భార్య, మా మేడంగారు, ఆయన నడిపిన కంప్యూటర్ సెంటరు తెరిచేరు. మిగతా కంప్యూటర్లన్నిటికీ మూలమైన సర్వర్ లేవలేదు.

"ఆయన పోయిన రోజున మెయిన్ ఆపేసేనమ్మా."

"సర్వర్ కూడానాండీ?"

"ఆయ్. స్విచ్చు మీదేదో కాగితం అంటించేరు. మనిషే లేకపోతే అదెందుకు తిరగడం అని కాగితం పీకి ఆపేసేను."

పాఠాలూ, పిల్లల ప్రాజెక్టులూ అన్నీ అందులోనే. ఇక ఆవిడకున్న ఆధారం ఆ సెంటరే.

తప్పు నాది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళకి తెలియాలనే రాస్తున్నాను.

రెండు డిస్కుల్ని ఒకటిగా కలిపి, వాల్యూములనే అరలుగా విడగొట్టి, వాటి మీద మిషన్ని నడిపే లినక్స్ ఎక్కించేరు మాస్టారు. మిషన్ లేవడానికి కావలసిన బూట్ ఫైళ్ళకి మాత్రం ఓ చిన్న పార్టిషన్, అంటే విడి గది, బయట వదిలేరు. స్విచ్చు వెయ్యగానే ఆ ఫైళ్ళని వెతికి లేపే బూట్‌లోడర్ పాతది, వాల్యూముల లోపలికి చూడగలిగేది కాదు. "పడవ మన రేవులో ఉండాలమ్మాయ్. అవతల కట్టేస్తే ఎలా దాటుతావు?" అనేవారు. ఆ పాఠం రోజున నేను కిటికీలోంచి బస్సులు చూస్తున్నాను. తర్వాతెప్పుడో, చోటు చాలట్లేదని ఆ చిన్న పార్టిషన్ చెరిపేసేను.

అది తెలిసేక కూడా ఆయన తిట్టలేదు. కోపమొస్తే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు. ఆ రోజు చాలాసేపు తుడిచేరు.

"నడుస్తోంది కదా అని బాగుందనుకోకు. ఆపితే మళ్ళీ లేవదు. నువ్వే సరిచెయ్యి, నేను పక్కన కూర్చుంటాను."

"వచ్చే ఆదివారం చేస్తానండి."

ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదు వెళ్ళిపోయేను. ఎన్ని ఆదివారాలు పోయేయో. ఫోన్ చేస్తే, "కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద ఇంకా తిరుగుతోందమ్మాయ్, తీరిగ్గా రా" అనేవారు. ఆయనకది అరగంట పని. నాకోసం ఉంచేరు.

నిన్న, లేవని మిషన్ని బయటినుంచి తెరిచే రెస్క్యూ సీడీ పెట్టి ఒక్కదాన్నే కూర్చున్నాను. వాల్యూములన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన నోట్సు చూస్తూ చిన్న పార్టిషన్ మళ్ళీ చేసి, లినక్స్‌కి గుండెలాంటి కెర్నల్నీ, వాల్యూముల్ని తెరిచే ఫైలునీ అందులో పెట్టి, బూట్‌లోడర్ రాసేను. మూడోసారికి లేచింది.

"అంతేనా అమ్మా?" అన్నారు మేడంగారు.

"అంతేనండి."

స్విచ్చు కింద కాగితం పడుంది. ఆయన గుండ్రటి అక్షరాలు: "ఆపవద్దు. అమ్మాయి వచ్చి చేస్తుంది."

తీసి, మళ్ళీ స్విచ్చు మీద అంటించబోయేను. జిగురు ఎండిపోయింది. వేలు తీసినప్పుడల్లా జారిపోతోంది.