ఆగండి మేస్త్రి తుడిచేసిన తడి

ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ‘ఆగండి మేస్త్రి’. గోడలకు సిమెంటు పూత పూర్తయిందో లేదో, రంగులు ఎప్పుడు రంగులు ఎప్పుడని ఇల్లుగలవాళ్ళు ప్రాణం తీస్తుంటే, ఆయన నింపాదిగా గోడ మీద అరచెయ్యి ఆనించి "ఆగండి" అనేవాడు. అప్పటికీ వినకపోతే జానెడు ప్లాస్టిక్ కాగితం గోడకు పెట్టి, నాలుగువైపులా టేపు అంటించి, మర్నాడు ఊడదీసి చూపించేవాడు. లోపలివైపు చెమట పట్టిందంటే గోడ ఇంకా ఆరలేదన్నమాట, ఇక మాటల్లేవు. ఎంతటి ఆఫీసరైనా నోరు మూసుకుని నెల్లాళ్ళు ఆగాల్సిందే.

అలాంటి మనిషి సొంత చెల్లెలి ఇంటి దగ్గర ఆగలేకపోయాడు.

తప్పు బావగారి వేళాకోళానిదని కొన్నాళ్ళు తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. పూత అయిన పదోరోజున పనివాళ్ళందరి ముందూ ఆ బావగారు భార్యతో, "మీ అన్నయ్య చేతిలో పడ్డాం కదా, ఈ ఇంట్లోకి దిగేది మనం కాదే, మన మనవలు" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. వానలు పడేలోపు తాళాలు చేతిలో పెడతానని అనేశాడు. ఆ సాయంత్రమే అంటించిన కాగితం మర్నాడు ఊడదీస్తే లోపల బొట్లు బొట్లుగా నీళ్ళు. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. భుజం మీది తువ్వాలుతో కాగితం తుడిచి, తీసుకెళ్ళి చెల్లెలికి చూపించి, "ఎండిపోయిందమ్మా, రంగులవాణ్ణి పిలిపించు" అన్నాడు.

వానలు మొదలైన రెండో నెలకి బీరువా వెనక గోడమీద నల్లటి బూజు చుక్కలు లేచాయి. తర్వాత మంచం తలవైపు. బట్టలన్నీ ముక్కవాసన. చెల్లెలు కబురు చేస్తే వెళ్ళాడు. చూడగానే సంగతి తెలిసిపోయింది. కానీ పక్కనే బావగారు నిలబడి ఉన్నాడు.

"ఇంట్లో బట్టలారేస్తున్నావా? కిటికీలు మూసుకుని వండుతున్నావా? బీరువా అలా గోడకి ఆనించి పెడతారా ఎవరైనా?" అని చెల్లెలి మీదే విరుచుకుపడ్డాడు. ఆమె తల దించుకుంది. "నేను చెప్తూనే ఉన్నాను" అని బావగారు అందుకున్నాడు.

ఆ రోజునుంచి ఆమెకు గోడలతోనే సరిపోయింది. పొద్దున్నే బ్లీచింగ్ పొడి నీళ్ళూ, బ్రష్షూ. చలి వణికిస్తున్నా కిటికీలన్నీ బార్లా. ఎవరైనా వస్తున్నారంటే ఆ గోడకి దుప్పటి వేలాడదీసేది. ఆమె అరచేతుల చర్మం పొరలు పొరలుగా లేచిపోవడం అన్నగారు చూశాడు. చూసి, ఇచ్చిన టీ తాగి వచ్చేసేవాడు. ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆ గోడకి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంది. చెల్లెలు ఆయన ముందే ఊడదీసింది.

"నువ్వు చేసినట్టే చేశానన్నయ్యా. చూడు, అన్నీ నీళ్ళే. ఆ రోజు నువ్వు చూపించినప్పుడు పొడిగా ఉంది కదా? అంటే నువ్వు మంచి గోడే ఇచ్చావు, పాడుచేసింది నేనే. అడిగినవాళ్ళందరికీ అదే చెప్తున్నా. నీకు మాట రానివ్వనులే."

మేస్త్రి ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ రోజూ నీళ్ళున్నాయమ్మా" అన్నాడు. "తువ్వాలుతో తుడిచేశాను."

పేపరు చదువుతున్న బావగారు తలెత్తాడు. చెల్లెలు తిట్టలేదు, ఏడవలేదు. రెండు అరచేతులూ ఆయన ముందుకు చాపింది.

"ఇవి చూస్తూనే ఉన్నావు కదన్నయ్యా" అంది.

మర్నాడు పొద్దున్నే ఉలీ సుత్తీ పట్టుకుని ఒక్కడే వచ్చి పూత పగలగొట్టడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చేతికందించే మంచినీళ్ళ గ్లాసు చెల్లెలు ఆ రోజు కిటికీ గట్టుమీద పెట్టి వెళ్ళింది. బావగారు గుమ్మంలో నిలబడి, ఈసారి వేళాకోళం లేకుండానే, "ఎన్నాళ్ళు ఆగాలి బావా?" అని అడిగాడు.

మేస్త్రి అలవాటుగా గోడవైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు.

"చెల్లెల్ని అడగండి. ఇకమీదట కాగితం తనే అంటిస్తుంది, తనే ఊడదీస్తుంది."

లోపల్నుంచి ఆమె వచ్చింది.

"సరే. ఆ తువ్వాలు ఇక్కడ ఇచ్చి వెళ్ళు" అంది.

ఆయన భుజం మీంచి తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.